ఓరకు ఎంత దూరంలో? ఊళ్లో సైకిలు క్షేమంగా నడిపేందుకు సమగ్ర మార్గదర్శి

సైకిలు నేర్చుకున్న రోజున ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట తెలుగునాట ఎక్కడైనా ఒకటే: "ఓరగా వెళ్లు నాయనా." రోజుకు రెండు బస్సులూ నాలుగు ఎద్దుబళ్లూ తిరిగిన రోడ్ల మీద ఆ మాటలో దోషం లేదు. ఇవాళ హైదరాబాదులో గానీ విజయవాడలో గానీ, ఆ మాటకొస్తే ఓ మోస్తరు మండల కేంద్రంలో గానీ, రోడ్డు ఓర ఎలా ఉంటుందో ఒక్కసారి నిలబడి చూడండి. మురుగుకాలువ జాలీలు, రోడ్డుకు ఎత్తుగానో పల్లంగానో ఉండే మ్యాన్‌హోల్ మూతలు, ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసుక, ఆగివున్న కార్లు, తోపుడుబళ్లు, వాన పడితే నిలిచే నీళ్లు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, అన్నీ ఉండేది అక్కడే. నేను పన్నెండేళ్లుగా హైదరాబాదులో తార్నాక నుంచి నారాయణగూడకు సైకిలు మీదే ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇన్నేళ్లలో మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ ఓరకు అతుక్కుని వెళ్తున్నప్పుడే పడ్డాను. అందుకే ఈ మార్గదర్శిలో హెల్మెట్ కంటే, లైటు కంటే, ఓరకు ఎంత దూరంలో నడపాలన్న ప్రశ్నకే ఎక్కువ చోటు ఇచ్చాను.

దారి ముందే చూసుకోవడం

మొదటి పని సైకిలు ఎక్కకముందే ఉంది. ఫోనులోని పటం చూపించే దగ్గరిదారి చాలాసార్లు కార్లకు అనువైన దారి. సైకిలుకు అది మంచిదారి కావాలని లేదు. ఒక ఆదివారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, వెళ్లదలచిన దారి మొత్తం ఒకసారి తొక్కి చూడండి. ఆ తర్వాత ఒక పనిరోజున, మీరు రోజూ బయల్దేరే వేళకే, అదే దారిలో బస్సులోనో ఆటోలోనో వెళ్లి రండి. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ జాలీ ఉందో ఆదివారమే తెలిసిపోతుంది గానీ, బడి వదిలే వేళ ఏ వీధి మూసుకుపోతుందో, సాయంత్రం ఏ వైన్‌షాపు ముందు బళ్లు మూడు వరుసల్లో నిలబడతాయో, ఏ స్టాపులో బస్సు పక్కకు రాకుండా నడిరోడ్డునే ఆగుతుందో పనిరోజున చూస్తేనే తెలుస్తుంది.

రెండు దారుల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే కిలోమీటర్లు కాకుండా కుడిమలుపులు లెక్కపెట్టండి. మనం ఎడమవైపు నడుపుతాం గనుక ఎడమకు తిరగడం తేలిక. కుడికి తిరగాలంటే వెనకనుంచి వచ్చే బళ్లనూ ఎదురొచ్చే బళ్లనూ దాటుకుని వెళ్లాలి. పెద్దరోడ్డున వెళ్తే సిగ్నళ్లు కలిసొచ్చిన రోజున నేను పది నిమిషాలు ముందే చేరగలను, అయినా ఉస్మానియా క్యాంపస్ మీదుగా విద్యానగర్, నల్లకుంట, బర్కత్‌పురా లోపలి వీధుల్లోంచే వెళ్తాను. కాలనీ వీధుల్లో అడుగడుగునా ఉండే స్పీడ్‌బ్రేకర్లను కార్లవాళ్లు తిట్టుకుంటారు గానీ, అవి అందరి వేగాన్నీ సైకిలు వేగానికి దింపుతాయి కనుక నాకు అవి ఆప్తుల్లాంటివి.

కింద దారి ఉన్నంతవరకు ఫ్లైఓవర్ ఎక్కకపోవడం మేలు. ఎక్కేటప్పుడు సైకిలు వేగం గంటకు ఎనిమిది, పది కిలోమీటర్లకు పడిపోతుంది, పక్కన బళ్లు యాభై మీద పోతాయి, ఒదిగి నిలబడటానికి కాలిబాట కూడా ఉండదు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వైపు వెళ్లే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్రవాహనాలకే ప్రవేశం లేదు; సైకిలు సంగతి చెప్పనక్కరలేదు.

ఆ ఔటర్ పక్కనే సౌరఫలకాల కప్పుతో కట్టిన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరు 1న తెరుచుకుంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ వెళ్తాయి. ఆ చుట్టుపక్కల పనిచేసేవారికి అది రోజువారీ దారి కావచ్చు. నల్లకుంటలోనో చార్మినార్ దగ్గరో ఉండేవారికి మాత్రం అది సాధన చేసుకునే చోటు.

సాధన ఎందుకంటే, ఊళ్లో సైకిలు నడపడానికి తొక్కడం ఒక్కటే వస్తే చాలదు. ముందుకు చూస్తూనే ఒంటిచేత్తో కనీసం పది సెకన్లు నడపగలగాలి, ఉన్నట్టుండి ఆగగలగాలి, అన్నిటికన్నా ముఖ్యంగా కుడిభుజం మీదుగా వెనక్కి చూసినా సైకిలు పక్కకు లాగకుండా ఉండాలి. ఈ చివరిది తేలికగా కనిపిస్తుంది గానీ, తల తిరిగినవైపే చేతులూ తిరుగుతాయి కనుక కొత్తవాళ్లు వెనక్కి చూసిన ప్రతిసారీ అరమీటరు కుడికి జరిగిపోతారు. ఖాళీ మైదానంలో సుద్దతో పొడుగాటి గీత గీసి, దాని మీద నడుపుతూ, వెనక నిలబడ్డ మనిషి చూపించిన వేళ్లు ఎన్నో చెప్పండి. గీత దాటకుండా పదిసార్లలో పదిసార్లూ చెప్పగలిగిన రోజున పెద్దరోడ్డు ఎక్కవచ్చు.

బయల్దేరే ముందు ఒక నిమిషం

టైరు పక్కభాగం మీద ఎంత గాలి పట్టించాలో అచ్చువేసి ఉంటుంది. పంక్చర్ షాపులో ఆ అంకె చూపించి కొట్టించుకోండి. గాలి తగ్గిన టైరు గుంతలో పడితే రిమ్ము దెబ్బతినడమే కాక, మలుపులో సైకిలు మాట వినదు.

బ్రేకుల దగ్గర కాస్త నిలబడాలి. మన దగ్గర మామూలుగా కుడిచేతి లీవరు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి ఉంటుంది, కానీ మీ బండికి ఎలా ఉందో నొక్కి చూసి తెలుసుకోండి. లీవరును గట్టిగా నొక్కినా దానికీ హ్యాండిల్‌కూ మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి. బ్రేకు రబ్బరు మీద ఉండే గాడులు చెరిగిపోతే మార్చేయాలి. తీగ చివర ఒక్క పోగు తెగి కనిపించినా తీగ మొత్తం మార్పించాలి, ఎందుకంటే మిగిలిన పోగులు తెగేది మీరు గట్టిగా నొక్కిన రోజునే. ముందు బ్రేకు వేస్తే ఎగిరి పడతామని భయపడి చాలామంది దాన్ని ముట్టుకోరు. నిజానికి బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కనుక ఎక్కువ పట్టు ముందు చక్రానిదే. రెండూ కలిపి, క్రమంగా బిగిస్తూ, ఒంటిని సీటు మీద కొంచెం వెనక్కి జరుపుకుంటే ఎగిరిపడే ప్రమాదం బాగా తగ్గుతుంది.

తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి హ్యాండిల్ తిప్పి చూడండి. అది విడిగా తిరిగితే నట్టు వదులైందన్న మాట. ఊళ్లో తిరిగే సైకిలుకు సీటు మరీ ఎత్తు పెట్టకుండా, ఆగినప్పుడు పాదం ముందుభాగం నేలకు ఆనేలా చూసుకోవాలి.

వేలాడే వస్తువుల గురించి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతాను. కూరగాయల సంచిని హ్యాండిల్‌కు తగిలిస్తే అది ఊగుతూ ఊగుతూ ముందు చక్రం పుల్లల్లోకి వెళ్తుంది, చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు. సామాను ఉండాల్సింది వెనక క్యారియర్ మీద. చున్నీ రెండు కొసలూ వెనక ముడివేసుకోవాలి, పంచె అంచు ఎగగట్టుకోవాలి, ప్యాంటు కుడికాలికి రబ్బరు బ్యాండు వేసుకోవాలి. చైను ఉండేది కుడివైపే.

కనిపించడం

ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు ఉండాలి. రెండింట్లో ఒకటే కొనగలిగితే వెనకది కొనండి, ఎందుకంటే ముందున్న ప్రమాదాన్ని మీరు చూడగలరు, వెనకనుంచి వచ్చేవాడు చూడకపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు. అయితే సీటు కింద బిగించిన లైటు వెలుగుతున్నంత మాత్రాన కనిపిస్తున్నట్టు కాదు. నాకు ఈ సంగతి మా తమ్ముడు చెప్పేదాకా తెలియలేదు. సంధ్యవేళ బైకు మీద నా వెనకే వచ్చినవాడు ఇంటికి చేరాక, "అన్నయ్యా, లైటు ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు. లైటు వేసే ఉంది. క్యారియర్ మీద పెట్టిన టిఫిను సంచి దాన్ని పూర్తిగా కప్పేసింది. కాబట్టి సామాను పెట్టుకుని, చొక్కా బయటికి వదిలేసి, నిజంగా ప్రయాణం చేసే తీరులోనే సైకిలెక్కి, యాభై అడుగుల వెనక ఒకరిని నిలబెట్టి కనిపిస్తోందో లేదో అడగాలి.

కొత్త సైకిలుతో వచ్చే రిఫ్లెక్టర్లను అందం కోసం విప్పేయకండి. పెడల్‌కు ఉండే రిఫ్లెక్టర్లు కిందికీ పైకీ ఆడుతుంటాయి కనుక, వెనకవాడికి అది సైకిలేనని దూరంనుంచే అర్థమవుతుంది. మడ్‌గార్డుకూ, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ మెరిసే టేపు అంటించడం తక్కువ ఖర్చుతో పోయే పని. చక్రానికి రాసుకుని తిరిగే పాత డైనమో లైటు ఇంకా వాడేవారు, సిగ్నల్ దగ్గర ఆగగానే అది ఆరిపోతుందని గుర్తుంచుకుని, వెనక బ్యాటరీ లైటు ఒకటి అదనంగా పెట్టుకోవాలి. ముందు లైటును ఎదుటివాడి కళ్లలోకి కాక రోడ్డు మీదికి వంచండి.

చెవిలో ఇయర్‌ఫోన్లు వద్దే వద్దు. వెనక వస్తున్నది బస్సో బైకో చెప్పేది చెవులే. గంట కొడితే కారు అద్దాల లోపలికి వినిపించదు, నడిచేవాళ్లకు గంట చాలు, మిగిలినవాళ్లకు "అన్నా, సైడ్!" అన్న కేక మంచిది.

హెల్మెట్

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెట్ పెట్టుకోమన్నది మోటారు సైకిళ్లవారిని. తొక్కే సైకిలుకు అది వర్తించదు. చట్టం అడగకపోయినా పెట్టుకోవాలనే నా అభిప్రాయం, కానీ దానికి లేని మహిమలు అంటగట్టకూడదు. ఇసుకలో జారి తల నేలకు కొట్టుకున్నప్పుడు అది పనికొస్తుంది. లారీ గుద్దినప్పుడు దాని మీద ఆశ పెట్టుకోలేం. బైకు హెల్మెట్ సైకిలు మీద వాడితే బరువుకీ ఉక్కకీ తల తిరుగుతుంది, పైగా చెవులు మూసుకుపోతాయి. గాలి ఆడే సైకిలు హెల్మెట్, లోపలి చీటీ మీద ఈఎన్ 1078 అన్న ప్రమాణం గుర్తు ఉన్నది, చూసి తీసుకోండి.

పెట్టుకునే తీరు తప్పితే ఉన్నా లేనట్టే. ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి. నుదురంతా కనిపించేలా వెనక్కి నెట్టేసుకుంటే నేలకు తగిలేది ఆ నుదురే. చెవి కింద పట్టీలు రెండూ కలవాలి, గడ్డం కింద ఒక్క వేలు మాత్రం దూరాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే ఉన్నా లోపలి థర్మోకోల్ లాంటి పొర నలిగిపోయి ఉంటుంది కనుక మార్చేయాలి.

ఓరకు ఎంత దూరం

ఇక అసలు విషయం. రోడ్డు బాగున్న భాగం ఎక్కడ మొదలవుతుందో అక్కడినుంచి ఒక మీటరు లోపలికి నడపాలి. కాలిబాట దగ్గరనుంచి కాదు, గోతులూ జాలీలూ ఇసుకా అయిపోయిన చోటునుంచి. ఆగివున్న కార్ల పక్కన వెళ్తున్నప్పుడు ఆ దూరం ఇంకొంచెం పెరగాలి: కారు తలుపు పూర్తిగా తెరిస్తే ఒక మీటరుకు కాస్త అటూఇటూగా బయటికి వస్తుంది, హ్యాండిల్ సగం వెడల్పును దానికి కలుపుకోవాలి.

నేను రెండోసారి పడింది ఆ తలుపు వల్లే. బర్కత్‌పురాలో ఒక మిఠాయి దుకాణం ముందు వరుసగా కార్లు ఆగివుంటే, వాటికి జానెడు దూరంలో, చాలా జాగ్రత్తగా వెళ్తున్నాననుకుంటూ వెళ్తున్నాను. తెల్లకారు తలుపు తెరుచుకోవడం చూశాను, బ్రేకు కూడా నొక్కాను. గంటకు 18 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 5 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి వేళ్లు లీవరు మీద బిగుసుకునేలోపు ఒక సెకను, అంటే 5 మీటర్లు, అయిపోతుంది. ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 3 మీటర్లు కావాలి. ఆ తలుపు నాకు రెండు మీటర్ల ముందు తెరుచుకుంది. ఎంత జాగ్రత్తగా చూస్తున్నా ఆ లెక్క తప్పదు కనుక, అక్కడ కాపాడగలిగింది నా చూపు కాదు, నేను వదిలిపెట్టాల్సిన మీటరు దూరం.

ఆ దూరం వదలడానికి చోటే లేని సందుల్లో నడిచే మనిషంత వేగానికి తగ్గి, గుర్తులు చూసుకుంటూ వెళ్లాలి. వెనక ఎర్రలైట్లు అప్పుడే ఆరిన కారు, పక్క అద్దంలో మనిషి తల కదులుతున్న కారు, అప్పుడే వచ్చి ఆగిన ఆటో, ఇవి మూడూ తలుపో మనిషో బయటికి రాబోతున్నట్టు చెప్పేవే. ఆటోకు తలుపు లేకపోయినా దిగే మనిషి ఉంటాడు, అతను వెనక్కి చూసి దిగడు.

ఓరనుంచి లోపలికి జరగగానే వెనక హారన్లు మొదలవుతాయి. కొత్తవాళ్లు అక్కడే బెదిరి మళ్లీ ఓరకు వెళ్లిపోతారు. మన రోడ్ల మీద హారన్ కోపానికి కొట్టేది తక్కువ. "నేను వస్తున్నాను" అని చెప్పేది ఎక్కువ. హారన్ కొట్టినవాడు మిమ్మల్ని చూసినవాడు, భయపడాల్సింది చూడనివాడికి. గీత గీసినట్టు నేరుగా వెళ్తూ ఉంటే అతనే పక్కనుంచి దాటుకుని పోతాడు. రైలు వంతెన కింది ఇరుకుదారి, తవ్వి వదిలేసిన రోడ్డు, ఇలాంటిచోట్ల సైకిలును దాటడానికి కారుకు నిజంగానే చోటుండదు. అక్కడ వెనక్కి చూసి, చెయ్యి చాచి చూపించి, దారికి నట్టనడుమనే వెళ్లడం మేలు. ఓరగా ఉంటే దూరిపోవచ్చన్న ఆశ వాళ్లకు పుడుతుంది, ఆ దూరడంలోనే మనకు తగులుతుంది. ఇరుకు దాటగానే ఎడమకు జరిగి చేత్తో వెళ్లమని సైగ చేస్తే ఎవరికీ పంతం మిగలదు.

ఆగివున్న రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని ఓరకు వెళ్లి, కారు రాగానే మళ్లీ బయటికి రావడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. వెనకవాడికి మీరు ఒకసారి మాయమై మళ్లీ ఎదురుగా ప్రత్యక్షమవుతారు. మొత్తం వరుస అయ్యేదాకా ఒకే గీత మీద ఉండండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. జాతీయ రహదారి లాంటి వెడల్పాటి, వేగమైన రోడ్డుకు తెల్లగీత అవతల శుభ్రమైన తారు అంచు ఉంటే అక్కడ పెద్దల మాటే సరైనది. గీత అవతలే వెళ్లాలి.

ఇది చదివేవారిలో కారున్నవారూ ఉంటారు. తలుపు తెరవడానికి దగ్గరి చేతిని కాక అవతలి చేతిని వాడండి: డ్రైవరు ఎడమచేత్తో, ఎడమవైపు కూర్చున్నవారు కుడిచేత్తో. ఆ చెయ్యి అంతదూరం రావాలంటే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు చూపు వెనక్కి వెళ్తుంది.

కూడళ్లు, బస్సులు, యూటర్నులు

సిటీబస్సుకూ కాలిబాటకూ మధ్య ఉన్న సందులోకి ఎప్పుడూ వెళ్లకూడదు. ఆగిన బస్సు ఎడమవైపునుంచి జనం దిగుతారు, కదిలే బస్సు ముందు స్టాపు కోసం ఎడమకే ఒరుగుతుంది. బస్సు వెనకే ఆగండి, లేదా వెనక్కి చూసుకుని కుడివైపునుంచి దాటండి. టిప్పర్లు, కాంక్రీటు లారీల విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి: డ్రైవరు ముఖం అతని అద్దంలో మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించరు. సిగ్నల్ దగ్గర అలాంటి బండి ముందుభాగానికి ఎడమపక్కన నిలబడటం కంటే దాని వెనక పొగ పీల్చడం నయం.

నేరుగా వెళ్లాల్సినప్పుడు పక్కనుంచి దాటిన కారు వెంటనే ఎడమకు తిరిగేయడం కూడళ్ల దగ్గర రోజూ జరిగేదే. ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. అందుకు మందు మళ్లీ చోటే: కూడలికి ముప్ఫై అడుగుల ముందే ఓర వదిలి, నేరుగా వెళ్లే బళ్ల వరుసలోకి రావాలి.

కుడికి తిరగాలంటే రెండంచెల్లో తిరగండి. మొదట నేరుగా కూడలి దాటి అవతలి మూలకు వెళ్లి, అక్కడ సైకిలు ముందుభాగం కుడికి తిప్పుకుని నిలబడి, ఆ వైపు పచ్చలైటు పడగానే అందరితో పాటు కదలండి. ఒక నిమిషం పోతుంది, నడిరోడ్డున నిలబడే గండం తప్పుతుంది. హైదరాబాదులో చాలా కూడళ్లను మూసేసి యూటర్నులు పెట్టారు. కుడికి వెళ్లాల్సినవాడు ముందు ఎడమకు పోయి, మూడు వరుసలు దాటి, డివైడరు దగ్గర తిరిగి, మళ్లీ మూడు వరుసలు దాటాలి. సైకిలు మీద ఆ విన్యాసం నేను చేయను. దిగి, సైకిలు నడిపించుకుంటూ జీబ్రా గీతల మీద పాదచారిలా దాటుతాను.

రాంగ్ రూట్ ప్రలోభం యూటర్నుల దగ్గరే పుడుతుంది. యాభై మీటర్లేగా అనిపిస్తుంది. పక్క సందులోంచి పెద్దరోడ్డుకు వచ్చి ఎడమకు తిరిగేవాడు కుడివైపు మాత్రమే చూస్తాడు, బళ్లు వచ్చేది అటునుంచే కనుక. మీరు ఎడమనుంచి వస్తే అతని లెక్కలో లేరు. మీకే రాంగ్ రూట్ బైకు ఎదురైతే, ఒక్కసారిగా కుడికి కోసుకోకండి, వెనకున్నది ఏమిటో తెలియదు. వేగం తగ్గించి, అవసరమైతే ఆగిపోయి, తప్పుకునే పని అతనికే వదిలేయండి.

వాన, నేల

తొలకరి జల్లు పడ్డ మొదటి పావుగంట రోడ్డు మీది నూనె, దుమ్ము తడిసి జిగటగా మారతాయి. కుండపోత కంటే అప్పుడే ఎక్కువ జారుతుంది. జీబ్రా గీతల రంగు, ఇనుప మూతలు, రైలు పట్టాలు తడిగా ఉంటే వాటి మీద బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు. పట్టాలనూ జాలీలనూ అడ్డంగా, సాధ్యమైనంత సూటిగా దాటాలి, ఏటవాలుగా వెళ్తే చక్రం సందులో ఇరుక్కుంటుంది. రిమ్మును పట్టుకునే బ్రేకులు తడిస్తే మొదటి ఒకటి రెండు చుట్లు పట్టవు. ఆగాల్సిన చోటుకు ముందునుంచే మెల్లగా నొక్కిపట్టి నీటిని తుడిచేయాలి.

నిలిచిన నీటి అడుగున ఏముందో తెలియకపోతే అందులోకి దిగకండి. మా వీధిలో వాననీరు పోవడానికి మ్యాన్‌హోల్ మూతలు ఎవరో ఒకరు తీసేస్తుంటారు, మోకాలిలోతు నీళ్లలో ఆ గొయ్యి కనిపించదు. ముందు వెళ్లిన బండి చక్రాల జాడలో వెళ్లవచ్చు, లేదా కాసేపు ఏ హోటల్లోనో టీ తాగుతూ ఆగవచ్చు.

రంగు వేయని స్పీడ్‌బ్రేకరు మీద తొక్కడం ఆపి, పెడళ్లు రెండూ సమానంగా ఉంచి, సీటు మీదనుంచి కాస్త లేవాలి. బ్రేకు దాని ముందే వేయాలి, దాని మీద కాదు.

కుక్కలు, మాంజా

కుక్క వెంటపడితే వేగంగా తొక్కాలనే అనిపిస్తుంది. చాలా కుక్కలు పరుగెత్తేదాన్నే తరుముతాయి, పైగా మీ చూపు కుక్క మీద ఉండి రోడ్డు మీద ఉండదు. కాలితో తన్నబోతే పడేది మీరే. ఆగి, దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని, గట్టిగా ఒకమాట అని, నెమ్మదిగా నడవండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. పసుపూ కారమూ అద్దకూడదు.

సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారం రోడ్డుకు అడ్డంగా మెడ ఎత్తులో వేలాడుతుంది. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా అమ్మకం ఆగలేదు. ఆ పదిరోజులు మెడకు మందపాటి కండువా చుట్టుకుని, మేడలు దగ్గరగా ఉన్న వీధుల్లో వేగం తగ్గించండి.

పిల్లలు, వెనక కూర్చునేవాళ్లు

"ఎలాగూ ఎదుగుతాడు కదా" అని పెద్ద సైకిలు కొనడం మన ఇళ్లలో మామూలే. చొక్కాకు ఆ లెక్క సరిపోతుంది, సైకిలుకు సరిపోదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందుభాగాలూ నేలకు ఆనాలి, వేళ్లు బ్రేకు లీవరును చుట్టుకోగలగాలి.

క్యారియర్ మీద పిల్లల్ని కూర్చోబెట్టేవారు చక్రం పుల్లల గురించి ఆలోచించాలి. మా మేనకోడలికి నాలుగేళ్లప్పుడు, నిద్రమత్తులో కాలు లోపలికి జారి మడమ పుల్లల మధ్య నలిగింది. తొక్కుతున్నవాడికి బండి బరువెక్కినట్టు మాత్రమే తెలిసింది. వెనక చక్రానికి రెండువైపులా జాలీ, పాదం పెట్టుకోవడానికి మెట్టు, వీపుకు ఆనే సీటు, ఈ మూడూ బిగించాకే పిల్లల్ని ఎక్కించుకోవాలి.

పడినప్పుడు

పడగానే సిగ్గుతో చటుక్కున లేచి నిలబడతాం. ముందు వెనక బళ్లు ఆగాయో లేదో చూసి, కదలగలిగితే రోడ్డు పక్కకు జరిగి, కూర్చుని ఒళ్లంతా తడుముకోండి. మెడనొప్పి ఉంటే హెల్మెట్ తీయకుండా, కదలకుండా 108కో 112కో ఫోను చేయించండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా, అది మర్నాడు కనిపించినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

గుద్దిన బండి నంబరు, స్థలం, సమయం ఫోనులో వెంటనే రాసుకోండి లేదా పక్కవారిని ఫొటో తీయమనండి. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల మేరకు నగదు చెల్లించకుండా చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. సైకిలు మీద ఉన్నవారినీ బండి గుద్దితే అది వర్తిస్తుంది. గుద్దినవాడు దొరకకపోతే మోటారు వాహనాల చట్టంలోని 161వ సెక్షను కింద తీవ్రగాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షల పరిహారం ఉంది. పడినవారికి సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని వెనకాడేవారు, 2019 సవరణతో వచ్చిన 134ఎ సెక్షను అలాంటివారికి రక్షణ ఇస్తోందని తెలుసుకోవాలి.

ఒంటికి ఏమీ కాకపోయినా మళ్లీ ఎక్కేముందు సైకిలును చూడండి. ముందు చక్రం పైకెత్తి తిప్పితే బ్రేకు రబ్బరుకు తగలకుండా తిరగాలి; ఫోర్కు రెండు కాళ్లూ సమానంగా కనిపించాలి; హ్యాండిల్ చక్రానికి సూటిగా ఉండాలి; రెండు బ్రేకులూ పట్టాలి. వీటిలో ఏది తేడాగా ఉన్నా, పంక్చర్ షాపు ఎంత దూరమైనా, అక్కడిదాకా నడిపించుకునే వెళ్లండి.